అన్నను ఆటలోకి ఇచ్చాను

మా అమ్మాయి పని బొమ్మలు గీయడం. కాగితం మీద కాదు, కంప్యూటర్ మీద. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ వాళ్లు వీడియో గేములు తయారు చేస్తారు. వాటిలోని మనుషులు ఎలా ఉండాలి, ఎలా నడవాలి, ఎలా దూకాలి అన్నది మా అమ్మాయి గీసి ఇస్తుంది. నెలకు రెండుసార్లు ఆఫీసుకు పోయి వస్తుంది. మిగిలిన రోజులు ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లోనే, ముందుగదిలో కిటికీ పక్కన రెండు తెరలు పెట్టుకుని కూర్చుంటుంది. వాళ్ల నాన్న డ్యూటీకి పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను కూరగాయల పీట తీసుకుని ఆ గదిలోకే పోతాను. ఆమె గీస్తుంటే చూస్తూ చిక్కుళ్లకు ఈనెలు తీయడం నాకు అలవాటైంది. ఎదిగిన బిడ్డ పని చేసుకుంటుంటే పక్కన కూర్చునే అదృష్టం ఎంతమంది తల్లులకు ఉంటుంది? ఈ విషయంలో దేవుడికి నేను రోజూ ఒక దండం ఎక్కువే పెడతాను.

ఆమె రెండేళ్లుగా చేస్తున్న ఆటలో లోకం మునిగిపోయి ఉంటుంది. ఎందుకు మునిగిందో చెప్పరు. ఎటు చూసినా నీళ్లే. నీళ్లపైన మేడల కప్పులు, తాటిచెట్ల తలలు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు. మిగిలిన నలుగురైదుగురు మనుషులు ఈ కప్పు మీంచి ఆ కప్పు మీదికి దూకుతూ, స్తంభాలు ఎగబాకుతూ, దూరాన కనబడే గుట్టకు చేరుకోవాలి. ఆడేవాళ్లు బొత్తాలు నొక్కితే వీళ్లు కదులుతారు. ఇలాంటివాటిని ప్లాట్‌ఫామ్ గేములంటారని అమ్మాయి చెప్పింది.

మొదట నలుగురిని గీసింది. విత్తనాల మూట పట్టుకున్న ముసలమ్మ, గొడుగు పట్టుకున్న చిన్నపిల్ల, సంచిలో ఒక్క ఉత్తరం కూడా లేని పోస్టుమాన్, కళ్లజోడు పగిలిన టీచరమ్మ. చూడటానికి బాగున్నారు కానీ నాకు ఆ ముసలమ్మ దగ్గరే తేడా అనిపించింది. విత్తనాల మూటను చేతిలో పట్టుకుని గోడలు దూకే ముసలమ్మను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. విత్తనాలను చెంగులో ముడేసి, ఆ చెంగును నడుం చుట్టూ తిప్పి బిగిస్తారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా, చెట్టు పట్టుకోవడానికి. ఆ మాటే అన్నాను. అమ్మాయి నావైపు చూసి, అంతా చెరిపేసి మళ్లీ గీసింది. వారం తర్వాత ఆఫీసులో అందరూ ముసలమ్మను మెచ్చుకున్నారట. అప్పట్నుంచి ప్రతి బొమ్మనూ నాకు చూపించడం మొదలుపెట్టింది. బడి ముఖం చూడని నేను ఒక కంపెనీకి సలహాదారునైపోయానని మా ఆయన రెండు రోజులు నవ్వుకున్నాడు.

బడి ముఖం చూడలేదన్నది నిజమే. పర్ణశాలకు కొంచెం దిగువన, గోదావరి ఒడ్డున మా ఊరు. ఒక పక్క ఏరు, ఒక పక్క అడవి. నా కాలు చిన్నప్పుడే సన్నబడి ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. బడి రెండు ఊళ్ల అవతల. మా నాయన చాటలో బియ్యం పోసి వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. మిగిలినదంతా మా అన్న నేర్పినదే. పగలు బడిలో ఏం విన్నాడో సాయంత్రం వచ్చి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి అదే చెప్పేవాడు. తాను తిన్న దెబ్బలతో సహా. ఎక్కాలు తప్పితే వాళ్ల సారు లాగానే చెవి మెలేసేవాడు. నేను ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆయన వల్లే. పదో తరగతి తప్పి ఆయన బడి మానేసిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేను. నా బడి కూడా ఆ రోజే మూతపడింది మరి.

తర్వాత ఆయన సేద్యంలో పడ్డాడు. ఒడ్డున ఒక నాటుపడవ ఉండేది. అవతలి గట్టుకు పోయేవాళ్లను, లంకలో మిరప తోటలకు పోయే కూలీలను దాటించేవాడు.

అమ్మాయి ఐదో మనిషిగా పడవ మనిషిని గీసినప్పుడు అతని తలమీద టోపీ ఉంది. పడవ నడిమధ్యలో కూర్చుని రెండు చేతులతో రెండు తెడ్లు వేస్తున్నాడు. వీడెవరు, సముద్రం మీది మనిషా అని అడిగాను. మరి ఎట్లుంటడు, చెప్పమ్మా అంది. చెప్పాను. మన ఏటి మీద పడవవాడు వెనక కొసన నిలబడతాడు. వెదురు గడను అడుగుకు తాకించి ఒంటిమీది బరువంతా దాని మీద వేసి నెడతాడు. తలకు తువ్వాల చుట్టి ముడి ఎడమ చెవి మీదికి వేసుకుంటాడు. పడవ ఎక్కేముందు వంగి, కుడిచేతితో నీళ్లు తాకి, ఆ తడి చేతిని కళ్లకు అద్దుకుంటాడు. చెబుతూ చెబుతూ నేను పీట మీంచి లేచి, చీపురు కట్టను గడలా పట్టుకుని చూపించాను కూడా. అమ్మాయి నవ్వలేదు.

"ఇది మామ కదా అమ్మా," అంది.

అవును, మామే. నేను పడవవాళ్లందరి గురించీ చెబుతున్నాననుకున్నాను. చెప్పిందంతా ఒక్క మనిషి గురించి.

అప్పుడు నా నోటితో నేనే అన్నాను, "మామనే పెట్టు బిడ్డా. పుణ్యముంటది," అని.

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే మా అన్న ఎలా పోయాడో చెప్పాలి.

ఇప్పటికి నాలుగేళ్ల కింద గోదావరి మా ఊళ్లోకి వచ్చింది. ప్రతి ఏడూ వానాకాలం గట్టుదాకా వచ్చి పోవడం మామూలే. ఆ ఏడు పోలేదు. పంచాయతీ వాళ్లు మైకులో చెప్పి అందరినీ ఎత్తు మీది హాస్టల్ భవనానికి పొమ్మన్నారు. రోడ్డు మునిగాక మిగిలిపోయినవాళ్లను మా అన్న తన పడవలో చేర్చాడు. మూడుసార్లు పోయి వచ్చాడు. నాలుగోసారి పోయి రాలేదు. మరుసటి రోజు పడవ తుమ్మచెట్ల మధ్య బోర్లా దొరికింది. మనిషి దొరకలేదు. నాలుగోసారి కొట్టంలో కట్టేసి ఉన్న బర్రెదూడను విప్పడానికి పోయాడని అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ దూడ దిబ్బ మీద బతికే ఉంది. మెడకున్న తాడు కత్తితో కోసినట్టు సాఫుగా తెగి ఉంది. మూగజీవం కోసం పోయాడు, ఆయన గుణమే అంత అన్నారు ఊళ్లోవాళ్లు. నేనూ అదే అనుకున్నాను.

మనిషి దొరకకపోతే మోదుగాకులు పరిచి, దర్భలతో కట్టి, మనిషి ఆకారం చేసి దానికే దహనం చేస్తారు. తర్వాత చేయవలసినవన్నీ మామూలుగా చేస్తారు. అంత వరదలో పోయిన మనిషి కోసం ఏళ్ల తరబడి ఆగనక్కర్లేదని పంతులుగారు చెప్పారు. చేయడానికి మా తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు. మా వదిన ఒప్పుకోలేదు. ఆకుల బొమ్మను చూపించి ఈయనే నీ మొగుడంటే నేనెట్ల నమ్మాలె అంది. ఒక్కసారే అంది, మళ్లీ ఆ మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. వాళ్లకు పిల్లలు లేరు. వరదకు కూలిన గోడలు మళ్లీ లేపుకుని అదే ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ఆ నాలుగేళ్లలో ఒక్క రాత్రి కూడా ఆ ఇల్లు విడిచి పడుకోలేదు. ఏమంటే, బర్రెకు పాలెవరు పిండుతరు అనేది. ఆనాటి దూడే ఇప్పుడు ఈని పాలిస్తోంది.

వదిన బాధ నాకు తెలుసు. నా బాధ వేరు. మహాలయ అమావాస్యనాడు మా తమ్ముడు ఏటికి పోయి నాయనకూ తాతకూ తర్పణం వదులుతాడు. అన్న పేరు చెప్పడానికి లేదు. బతికున్నవాళ్ల లెక్కలో లేడు, పోయినవాళ్ల లెక్కలో లేడు. అంత నీటిలో పోయిన మనిషికి ఒక దోసెడు నీళ్లు వదిలే దారి లేకపోయింది. దాహంతో ఎక్కడ నిలబడి ఉన్నాడో అన్న ఆలోచన వస్తే నా చేతిలో మంచినీళ్ల గ్లాసు బరువయ్యేది.

అందుకే ఆ మాట అన్నాను. ఆట అంటే నాకు ఏం తెలుసు? పర్ణశాలలో రాములవారి కథను బొమ్మలుగా నిలబెట్టి ఉంటారు. వచ్చినవాళ్లు ఒక్కో బొమ్మ ముందు ఆగి, చూసి, దండం పెట్టుకుని ముందుకు పోతారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. గుడికి ఫ్యాను ఇచ్చినవాళ్లు రెక్కల మీద పేరు రాయిస్తారు. ఫ్యాను తిరిగినంతసేపూ ఆ పేరు ఎవరికీ కనబడదు, అయినా రాయిస్తారు. మా అన్నకు లోకంలో ఎక్కడా చోటు లేకుండా పోయింది, ఈ తెర మీదైనా ఇంత చోటు దొరుకుతుందని నా ఆశ.

అమ్మాయి నెలరోజులు కష్టపడింది. వెనక్కి తిరిగినప్పుడు వీపు ఎలా ఉంటుందో కూడా అడిగి గీసింది. బొమ్మ బొటనవేలంత. ముఖం సరిగా కనబడదు. కానీ ఆ నిలబడటం, ఆ వంగడం మా అన్నవే. ఏమీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు గడను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, తువ్వాల అంచుతో మెడ తుడుచుకుంటాడు. అది చూసిన రోజు నేను కొబ్బరికాయ కొట్టాను.

తర్వాత రెండు వారాలకు ఒక మధ్యాహ్నం జామకాయలు కోసి పట్టుకుపోయాను. అమ్మాయి వరండాలో ఫోన్ మాట్లాడుతోంది. లోపల తెర మీద ఏదో నడుస్తోంది. ఆఫీసులో కొంతమంది పొద్దంతా ఆట ఆడి తప్పులు వెతుకుతారట. వాళ్లు ఆడినప్పటి వీడియో అది. మా అన్న ఒక కప్పు మీద ఉన్నాడు. వంగి నీళ్లు తాకి కళ్లకద్దుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి పరిగెత్తి దూకాడు. అవతలి కప్పు అందలేదు. నీళ్లు ఆయనను మూసేశాయి. రెండు బుడగలు వచ్చాయి. మరుక్షణం వెనక ఎక్కడో ఒక దీపం పక్కన నిలబడి ఉన్నాడు. మళ్లీ పరిగెత్తాడు. మళ్లీ పడ్డాడు. ఆడుతున్నది ఎవరో కానీ అదే చోట, అదే దూకు, అదే పడటం. పదకొండు దాకా చూశాను. తర్వాత కళ్లు మూసుకున్నాను, కానీ నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అమ్మాయి లోపలికి వచ్చేసరికి నేను కింద కూర్చుని ఉన్నాను.

"మామను గిట్ల ముంచుతున్నరేంది బిడ్డా?"

"ముంచుడు కాదమ్మా. దూకు అందకపోతే పడతడు, మళ్ల దీపం కాడికొస్తడు. అందరూ గంతే. ముసలమ్మ గూడ పడతది. పడకపోతే ఇంక ఆటేముంటది?"

"రోజుకెన్నిసార్లు?"

ఆమె నా ముఖం చూసి తెర ఆపేసింది. తీసేయమని బతిమాలాను. ఆఫీసులో అన్నీ ఖాయమైపోయాయని, ఐదుగురిలో అందరికీ నచ్చినవాడు ఆయనేనని, అయినా అడుగుతానని అంది. కొంతసేపయ్యాక మెల్లగా, "నువ్వే పెట్టమన్నవు కదమ్మా," అంది. నిందించడానికి కాదు. నిజంగానే ఏం చేయాలో తెలియక. నాకూ తెలియలేదు. ఆ సాయంత్రం దీపం పెట్టాను కానీ ఏమని దండం పెట్టుకోవాలో తోచలేదు. దేవుడి ముందు మాట దొరకకపోవడం నాకు అదే మొదటిసారి.

అడుగుతానంది కానీ ఆ నెలలో అడగలేకపోయింది. వాళ్ల ఆఫీసు పెద్దాయన ఊళ్లో లేడు. ఈలోగా వదిన వచ్చింది.

వదినకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఖమ్మంలో దవాఖానాలో చూపించుకోవడానికి పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి వస్తుంది, మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు పోతుంది. ఆపరేషన్ చేస్తే రెండు రాత్రులు ఇక్కడే ఉండాలని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఏదో ఒక వంకతో దాటేస్తోంది. ఆ రోజు కూడా అంతే. డాక్టరు కోప్పడ్డాడని నవ్వుతూ చెప్పింది. కళ్లు కనబడకపోయినా మా ఇంట్లో ఎక్కడ దుమ్ము ఉందో ఆమెకు తెలుస్తుంది. ఏం ఆడబిడ్డా, నీ కాలుకు వంగరాదు సరే, మీ ఆయనకు నడుం లేదా అని కిటికీ కింద వేలితో రాసి చూపించింది. అమ్మాయిని చూసి, మీ అమ్మ నీ ఈడుకు నిన్ను చంకనేసుకున్నది, నువ్వింకా బొమ్మలతోటే ఆడుతున్నవా అంది. అమ్మాయి కూడా తక్కువది కాదు. ఆడితే జీతమిస్తున్నరత్తా, నువ్వు రా, నీకూ ఇప్పిస్త అంది. ముగ్గురం నవ్వాం.

వదిన ఉన్నంతసేపూ ఆ తెర తీయవద్దని అమ్మాయికి ముందే చెప్పి ఉంచాను. తీయలేదు. కానీ భోజనాలయ్యాక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఏదో అర్జంటుగా చూపించాలట. వదిన వంటింట్లో నా దగ్గరే ఉంది కదా అని అమ్మాయి తెర తెరిచింది. వదిన మందుల చీటీ ఉన్న సంచి ముందుగదిలో మరిచిపోయింది. దానికోసం వెళ్లి తిరిగి రాలేదు.

నేను కాలీడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి ఆమె తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి నిలబడి ఉంది. అమ్మాయి ఫోన్ పెట్టేసి రాయిలా కూర్చుంది. తెర మీద మా అన్న వంగి నీళ్లు కళ్లకద్దుకుంటున్నాడు.

"మీ అన్న కదా," అంది వదిన. వెనక్కి తిరగలేదు. నా అడుగు చప్పుడు పోల్చుకుని నాతోనే అంది.

అవునన్నాను. అబద్ధం చెప్పే వ్యవధి లేదు, చెప్పినా నమ్మే మనిషి కాదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇదేంది, ఎవరు చేసిండ్రు, ఎందుకు చేసిండ్రు అని అడగలేదు. ఈయన ఎట్ల నడుస్తడు బిడ్డా అని మాత్రం అడిగింది. అమ్మాయి నావైపు చూసింది. తర్వాత చేతిలో పట్టుకుని ఆడే యంత్రం ఆమె చేతిలో పెట్టి, వేళ్లు తీసి బొత్తాల మీద పెట్టింది. ఇది నొక్కితే ముందుకు, ఇది నొక్కితే దూకుతాడు అని చెప్పింది.

"ఆగాలంటే ఏది నొక్కాలె?"

"ఆగాలంటే నొక్కద్దత్తా. చెయ్యి తీస్తే ఆగుతడు."

వదిన చెయ్యి తీసింది. ఆయన ఆగాడు. గడ భుజం మార్చుకున్నాడు, తువ్వాల అంచుతో మెడ తుడుచుకున్నాడు. మళ్లీ గడ మార్చుకున్నాడు, మళ్లీ మెడ తుడుచుకున్నాడు. ఆమె అలాగే చూస్తూ కూర్చుంది. ఎంతసేపంటే, మా ఎదురింటివాళ్ల మోటారు ట్యాంకు నింపి ఆగిపోయింది. లేపుదామని ఒక అడుగు వేశాను. అమ్మాయి కళ్లతోనే వద్దంది.

అప్పుడు వదిన బొత్తాం నొక్కింది. ఆయన నాలుగడుగులు వేసి అంచు దాటి నీళ్లలో పడ్డాడు. దీపం దగ్గర లేచాడు. మళ్లీ నొక్కింది. మళ్లీ పడ్డాడు. మూడోసారి పడ్డాక యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"తనంతట తాను పోతలేడు చూసినవా," అంది నాతో. "నేను నొక్కితేనే పోతుండు. ఆ రోజు గూడ గంతే. మూడు తిప్పలు తిరిగొచ్చి హాస్టల్ మెట్ల మీద కూలబడ్డడు. తువ్వాల విప్పి పిండుకుంటుండు. ఇంక పోయేటట్టు లేడు. నాకు యాదికొచ్చింది. దూడ పాలన్నీ తాగేస్తదని పొద్దుగాల నేనే దాన్ని దూరంగ కట్టేసిన. బర్రెను విప్పిన గని దూడను విప్పలె. దూడ కట్టేసే ఉందయ్యా అన్న. పొమ్మనలె. గా ఒక్క మాటే అన్న. ఆయన నా ముఖం చూసి తువ్వాల మళ్ల కట్టుకున్నడు."

ఈ సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. నాలుగేళ్లు ఆమె దాన్ని ఒక్కతే మోసింది.

"దూడ బతికింది కదా వదినా," అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

"అవ్, బతికింది. రోజూ పిండుతున్న. చాయ్‌ల గూడ ఒక్క చుక్క నా నోట్లె పోసుకోలె." యంత్రాన్ని అమ్మాయి చేతిలో పెట్టింది. "మీరంతా ఆకులు కట్టి నిప్పు పెడదామంటరు. నిప్పు పెడితే ఆయన పోయినట్టు. ఆయన పోతే, పంపింది నేనైత. అది నాతోని గాలె."

నేను ఆమె కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. మోకాలు మీద చెయ్యి వేశాను. వేసి, నేను చేసిన పని కూడా చెప్పేశాను. ఈ ఆటలో ఆయనను పెట్టమన్నది నేనేనని, మునుగుతాడని తెలియక పుణ్యమనుకున్నానని, చూసిన రోజు నుంచి అన్నం సయించడం లేదని.

వదిన నా తల మీద చెయ్యి పెట్టింది. "బాగుంది మీ అన్న బతుకు. పెండ్లాం ఒక్కసారి పంపింది, చెల్లె రోజుకు వందసార్లు పంపుతుంది," అంది. అలా అంటూ నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడ్పు వచ్చింది. నాలుగేళ్లలో ఆమె ఏడవడం నేను చూసింది అదే. అమ్మాయి మంచినీళ్లు తెచ్చి పట్టుకుని నిలబడింది. ఎవరికివ్వాలో తెలియక చివరికి తానే తాగేసింది.

మూడు గంటల బస్సు పోయింది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరమూ అనలేదు. ఐదింటికి వదిన తనంతట తానే ఫోన్ అడిగి తీసుకుని పక్కింటావిడకు చేసింది. బర్రెకు కుడితి పెట్టి పాలు పిండమంది. పాలేం చేయమంటవని అటునుంచి అడిగినట్టుంది. మీ పిల్లలకు పొయ్యి అని చెప్పింది.

మరునాడు పొద్దున నేను పూజ ముగించి వచ్చేసరికి వదిన అమ్మాయి పక్కన కూర్చుని ఉంది. అమ్మాయి చెబుతోంది, ఎలాగైనా తీసేయిస్తానని, అవసరమైతే ఆ పని వదులుకుంటానని. వదిన వద్దంది.

"తీయకు. ఇంత మంచిగ చేసినవు. గని ఆయనను దూకనీయకు బిడ్డా. మూడు తిప్పల్ల ఊరందరినీ దించినోడు. ఒడ్డున నిలబెట్టు. పడ్డోళ్లను గడ అందిచ్చి లేపుతడు. ఆయనకు వచ్చిన పని గదే."

నన్ను చూసి, పంతులును అడిగి ఎప్పుడు మంచి రోజో కనుక్కోమంది. ఉప్పు ఎక్కడుందని అడిగినంత మామూలుగా అంది. నేను మళ్లీ అడగలేదు. అడిగితే ఎక్కడ మారిపోతుందోనని భయం.

ఆఫీసులో సులభంగా ఒప్పుకోలేదు. ఆడుకునే మనుషులు ఐదుగురు ఉండాల్సింది నలుగురవుతారన్నారు. అమ్మాయి వాళ్ల పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పిందట. ఆయన, ఆ దీపం ఎలాగూ అంత బాగా లేదు, దాని చోట ఈ మనిషిని పెట్టి చూపించు అన్నాడట. దానికి ఆమె ఆదివారాలు కూడా కూర్చుంది. ఇప్పుడు ఆ ఆటలో ఎవరు నీళ్లలో పడినా మా అన్న దగ్గర తేలుతారు. ఆయన ఒడ్డున కాలు తన్నిపెట్టి గడ చాస్తాడు, వాళ్లు పట్టుకుని పైకి వస్తారు. ముసలమ్మ వచ్చినప్పుడు మాత్రం చేయి కూడా ఇస్తాడు. అది నేను చెప్పలేదు, అమ్మాయే పెట్టింది. ఆ పెద్దాయన ఎవరో నాకు తెలియదు, ఆయన ఇంట్లో అందరూ చల్లగా ఉండాలి.

ఆ నెలలోనే వదినకు కంటి ఆపరేషన్ అయింది. మా ఇంట్లో రెండు రాత్రులనుకున్నది వారం రోజులు ఉంది. కట్టు విప్పాక మొదట నా ముఖం చూసి, ఇంత ముసలిదానివైనవేంది అంది.

కార్తీకం వెళ్లాక, పంతులుగారు చూసిన రోజున మేమంతా ఊరికి పోయాం. మోదుగాకులు మా తమ్ముడే అడవి నుంచి తెచ్చాడు. ఒడ్డున ఇసుక చదును చేసి పంతులుగారు ఆకులను పరిచారు, కాళ్లకు ఇన్ని, చేతులకు ఇన్ని, రొమ్ముకు ఇన్ని అని శాస్త్రం ప్రకారం. దర్భలతో బిగించారు. తలకు కొబ్బరికాయ పెట్టారు. చూస్తుండగానే అది మనిషి పడుకున్నట్టు అయింది. ఆడవాళ్లు దూరంగా ఉండాలన్నారెవరో. వదిన వినలేదు. వచ్చి కాళ్ల వైపు కూర్చుంది. ఆమె గాజుల సంగతి, బొట్టు సంగతి ఎత్తబోయిన పెద్దమ్మ ఒకావిడను మా తమ్ముడు ఒక్క చూపుతో ఆపేశాడు.

పంతులుగారు గోత్రం అడిగారు. తమ్ముడు చెప్పాడు. పేరు అడిగారు. తమ్ముడు నోరు తెరిచాడు, గొంతు రాలేదు. మా నాయన పోయాక వాణ్ణి పెంచింది అన్నే. రెండోసారి అడిగారు. వాడు తల దించుకుని భుజాలు కదుపుతూ ఏడుస్తున్నాడు. నేను చెబుదామని ముందుకు వంగాను.

వదిన చెప్పింది.

మా వైపు ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. రేషన్ దుకాణంలోనైనా, ఓటు వేసే చోటైనా పక్కనున్నవాళ్లే చెప్పాలి. పెళ్లయి ముప్పై ఏళ్లలో ఆమె నోట ఆ పేరు నేను వినలేదు. ఇంటి పేరుతో సహా, తప్పు లేకుండా, హాజరు పలికినట్టు చెప్పింది. ఏటి గాలికి సరిగా వినబడక పంతులుగారు ఏమిటమ్మా అన్నారు. మళ్లీ చెప్పింది. ఆయన ఆ పేరును మంత్రంలో కలిపి చదివారు.

తమ్ముడు నిప్పు పెట్టాడు. ఆకులు చిటపటమని తొందరగానే కాలిపోయాయి. బూడిదను ఏట్లో కలిపి, మొలలోతు నీళ్లలో నిలబడి మా అన్నకు మూడు దోసిళ్ల నీళ్లు వదిలాడు. నేను ఒడ్డు మీంచి మూడూ చూశాను. ఇంక నాకు అడగడానికి ఏమీ లేదు.

అక్కణ్నుంచి వెనక్కి తిరిగి చూడకుండా పోవాలన్నారు. అందరూ లేచారు. ఇసుకలో నా కాలు దిగబడుతుంది, నేను ఎప్పుడూ వెనకబడతాను. ముందు పోతున్నవాళ్లు నన్ను చూడటానికి కూడా తిరగకూడదు కదా. కొంతదూరం పోయాక వదిన ఆగింది. తల తిప్పలేదు. ముఖం ఊరివైపే ఉంచి, కుడిచేతిని మాత్రం వెనక్కి చాపి నిలబడింది. నేను వెళ్లి పట్టుకున్నదాకా అలాగే నిలబడింది.